పోపులపెట్టెలో నలభై ఒక్క సంతకాలు

రాష్ట్ర ఉప్పుమళ్ల అభివృద్ధి మండలిలో దాచుకోదగ్గ రహస్యం ఒక్కటీ లేదు. ఎండ కాస్తే ఉప్పు పండుతుంది, వాన పడితే కరిగిపోతుంది. పుట్టి ముప్ఫై ఏళ్లయినా మండలి ఈ రెండు ముక్కలే తిప్పి తిప్పి పైకి రాస్తోంది. అయినా పైనుంచి ఉత్తర్వు వచ్చాక చేసేదేముంది? ఇకమీదట ఈమెయిళ్లన్నీ తాళం వేసి పంపాలి, ప్రతి కాగితం మీదా డిజిటల్ సంతకం ఉండాలి. నిజమే మరి. ఈ ఏడు మన ఉప్పు కాస్త బూడిదరంగు తిరిగిందన్న సంగతి దారిలో ఎవడైనా చదివేస్తే దేశం ఏమైపోవాలి?

నలభై ఒక్కమంది సిబ్బందికి నలభై ఒక్క టోకెన్లు వచ్చాయి. టోకెన్ అంటే బొటనవేలంత వస్తువు. కంప్యూటర్‌కి గుచ్చి ఆరంకెల పిన్ను కొడితే సంతకం పడుతుంది, తాళం వేసిన మెయిలు విచ్చుకుంటుంది. రాజధాని నుంచి వచ్చిన శిక్షకుడు పాపం ఒక పూటంతా చెప్పాడు. "మీకు రెండు తాళంచెవులుంటాయండి. ఒకటి ఊరందరికీ ఇచ్చెయ్యండి, దాంతో వాళ్లు మీకు పంపే మెయిలుకి తాళం వేస్తారు. రెండోది ఈ టోకెన్‌లో ఉంటుంది, దాంతో మీరు విప్పుకుంటారు. ఇది మాత్రం ఎవరికీ ఇవ్వకండి. మీ సంతకం మీ చేతిలోనే ఉండాలి." అందరూ తలలూపారు. సమోసాలు తిని, టీ తాగి, అతనితో ఫొటో దిగారు.

వారం తిరిగేసరికి తొమ్మిది టోకెన్లు కనపడకుండా పోయాయి. రెండు చొక్కా జేబుల్లో ఉండి సబ్బునీళ్లలో నానాయి. పద్నాలుగుమంది పిన్ను తప్పు కొట్టి కొట్టి తమ సంతకానికి తామే దూరమయ్యారు. స్టోర్సు గుమాస్తా అయితే తన టోకెన్‌ని ఇంటి తాళాల గుత్తికి తగిలించి, ఆ గుత్తిని పక్కింటివాళ్లకిచ్చి యాత్రకి వెళ్లిపోయాడు. మండలి నుంచి పదిరోజులపాటు ఒక్క కాగితం కదల్లేదు. పోయినవాటికి కొత్తవి తెప్పించుకుని, ఇక ఈ వ్యవహారాన్ని సిబ్బందికి సులభం చేయాలని డైరెక్టరు భుజంగరావుగారు ఒక ఉపసంఘం వేశారు. పేరు 'సులభ సురక్ష'.

ఇక్కడ మండలి ఆచారం ఒకటి చెప్పాలి. ఆ ఆఫీసులో ప్రతి బీరువాకీ రెండో తాళంచెవి ఉంటుంది. ఆ రెండో తాళంచెవులన్నీ ఒకరి దగ్గర దాచి, రిజిస్టరులో రాస్తారు. పదకొండేళ్లుగా ఆ రిజిస్టరు సీనియర్ అసిస్టెంటు కిల్లి వరహాలమ్మ చేతిలో ఉంది. ఒక్క తాళంచెవి పోలేదు, ఒక్క కొట్టివేత లేదు. ఉపసంఘం నాలుగుసార్లు కూర్చుని తేల్చిందేమిటంటే, శిక్షకుడు పదేపదే చెప్పినట్టు టోకెన్ కూడా తాళంచెవే, కాబట్టి అది ఉండవలసింది వరహాలమ్మ బీరువాలో.

"గోప్యతను పరిరక్షించుట అనునది అందరికీ అబ్బే విద్య కాదు," అన్నారు భుజంగరావుగారు సమావేశంలో లేచి నిలబడి. "నలభై ఒక్కమంది తలా కాస్త గోప్యంగా ఉండుట కంటే, ఒక్కరే నలభై ఒక్క రెట్లు గోప్యంగా ఉండుట శ్రేయస్కరం."

పిన్నులు కూడా సులభం చేశారు. అందరికీ ఒకటే, మండలి భవనానికి శంకుస్థాపన జరిగిన తేదీ. మరిచిపోతే గుమ్మం పక్కనున్న శిలాఫలకం మీద చూసుకోవచ్చు.

మొదటి రెండు రోజులు వరహాలమ్మకి ఏ టోకెన్ ఎవరిదో పోల్చుకోవడం కష్టమైంది. మూడోనాడు ఇంట్లో వాడకుండా పడివున్న పెద్ద స్టీలు పోపులపెట్టె తెచ్చింది. మధ్య గిన్నెలో డైరెక్టరుగారు. చుట్టూ ఆరు గిన్నెల్లో ఆరు సెక్షన్లు. అకౌంట్సువారికి ఆవాల గిన్నె వచ్చింది, స్టోర్సువారు ఇంగువ వాసన వేసేవారు. ఈ ఏర్పాటు చూసి భుజంగరావుగారు ముగ్ధులై ఉత్తర్వు ఇచ్చారు. అందులో ఆ పెట్టె పేరు 'వృత్తాకార సప్తకోష్ఠ భద్రతా పేటిక'. వరహాలమ్మ 'పేటికాధికారి' అయింది. పనిలో పనిగా, కలంతో పెట్టిన సంతకం ఇకపై మండలిలో చెల్లదని అదే ఉత్తర్వులో రాశారు.

అప్పటినుంచి పని ఎంత సులభమైందో చెప్పలేం. డైరెక్టరుగారి గదికీ సూపరింటెండెంటు సన్యాసినాయుడి బల్లకీ మధ్య ఒక తలుపు, అయిదడుగుల దూరం. అంతకుముందు ఆయన "నాయుడూ, ఆ ఫైలేదీ?" అని కేకేస్తే ఈయన "ఇదుగో సార్" అనేవాడు. ఇప్పుడలా కేకేస్తే గోప్యతకి భంగం. డైరెక్టరుగారు చీటీ మీద ప్రశ్న రాసి అటెండరు కూర్మయ్యకిస్తారు. కూర్మయ్య దాన్ని మెట్లు దిగి వరహాలమ్మకిస్తాడు. ఆవిడ టైపు చేసి, మధ్య గిన్నెలోంచి డైరెక్టరుగారిని తీసి గుచ్చి సంతకం పెట్టి, మెయిలుకి తాళం వేసి నాయుడికి పంపుతుంది. ఆ టోకెన్ పీకి నాయుడి టోకెన్ గుచ్చి, ఇప్పుడే వేసిన తాళం విప్పి, కాగితం మీద అచ్చు తీసి, ఎర్రసిరాతో 'గోప్యం' అని ముద్ర కొట్టి కూర్మయ్యకిస్తుంది. కూర్మయ్య మళ్లీ మెట్లెక్కుతాడు. నాయుడి జవాబు ఇదే దారిలో వెనక్కి వస్తుంది.

మధ్యాహ్నం భోజనాలవేళకి వరహాలమ్మ అరవై ఉత్తరాలు తనకి తానే రాసుకుని, అరవై విప్పుకుని చదువుకునేది. డైరెక్టరు తరఫున కోప్పడేది. వెంటనే నాయుడి తరఫున క్షమాపణ చెప్పుకునేది. తర్వాత డైరెక్టరు తరఫున క్షమించి టిఫిను క్యారియరు విప్పేది. ఏడాది తిరిగేసరికి నూటికి నూరు శాతం మెయిళ్లు తాళం వేసి పంపిన ఏకైక కార్యాలయంగా మండలికి షీల్డు వచ్చింది. వేరే శాఖలవాళ్లు జట్లుగా వచ్చి పోపులపెట్టె చూసి, కొలతలు రాసుకుని వెళ్లారు.

రెండో ఏడు వరహాలమ్మ కూతురు గౌరికి నెలలు నిండుతున్నాయి.

గౌరి పార్వతీపురంలో ఉంది. అత్తగారు లేరు, పోయి నాలుగేళ్లయింది. రక్తపోటు ఎక్కువగా ఉంది, ప్రయాణం కూడదు, పుట్టింటికి కూడా పంపనని డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పింది. ఇక వెళ్లాల్సింది వరహాలమ్మే. ఆవిడకి దీని గురించి ఒక పాత బాధ ఉంది. గౌరి పుట్టినప్పుడు గెడ్డ పొంగి, బస్సులాగిపోయి, వరహాలమ్మ తల్లి రెండు రోజులు ఆలస్యంగా చేరింది. ఆ రెండు రోజులూ వరహాలమ్మ ఆస్పత్రి మంచం మీద పడుకుని తలుపు వైపే చూసింది. ఎవరు తలుపు తోసినా అమ్మేననుకుంది. కూతురికి ఆ చూపు ఉండకూడదని ఆరోజే అనుకుంది. అందుకే రెండు నెలల ముందే సెలవుకి దరఖాస్తు పెట్టింది.

దరఖాస్తు ఎంతకీ తెమల్లేదు. ఒకరోజు సన్యాసినాయుడే మెట్లు దిగి వచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అక్కగారూ, మీ సెలవు డైరెక్టరుగారు ఇస్తానన్నారు. మనసారా ఇస్తానన్నారు. కానీ ఆర్డరు మీద సంతకం పడాలి గదా."

"పెడతాను. ఇలా ఇవ్వండి."

"మీరు పెట్టకూడదండి. పేటిక నిబంధనల్లో తొమ్మిదోది సూడండి. 'పేటికాధికారి తనకు ప్రయోజనం కలిగించు ఏ పత్రముపైనను ఎవరి టోకెనుతోనూ సంతకం చేయరాదు.' సెలవు మీకు ప్రయోజనమే గదా."

"అయితే డైరెక్టరుగారినే వచ్చి తన టోకెన్ తీసుకుని పెట్టుకోమనండి."

"పదో నిబంధన. పెట్టెని పేటికాధికారి తప్ప మరొకరు తాకకూడదు. సార్ కూడా మరొకరే."

"నా బదులు ఇంకొకరిని వెయ్యండి."

"పదకొండోది. మీకు సెలవు మంజూరయ్యాకే బదులు మనిషిని వెయ్యాలి." నాయుడు రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "నానేటి సెయ్యనండి. మూడూ రాసింది నానే. రాసినప్పుడు మూడూ బాగానే ఉన్నాయి."

సందేహ నివృత్తి కోసం పైకి రాద్దామనుకున్నారు. ఆ ఉత్తరం మీద కూడా డైరెక్టరుగారి సంతకం పడాలి, ఆ ఉత్తరం వల్ల కూడా ప్రయోజనం వరహాలమ్మకే. కాబట్టి దాని మీద కూడా ఆవిడ సంతకం పెట్టకూడదు. ముందుగా ఆ మాట చెప్పింది వరహాలమ్మే. ముప్ఫై ఏళ్ల నౌకరీలో ఆవిడ ఒక్క కాగితం అడ్డదారిన నడిపించలేదు. నలభై ఒక్కమంది సంతకాలూ, అందరి పిన్నూ తన దగ్గరే ఉన్నాయి, ఒక్కసారి గుచ్చి తీస్తే పనైపోయేది. ఆవిడకి ఆ ఆలోచన రాలేదని కాదు. వచ్చింది, చెయ్యి ఆడలేదు.

గౌరి రోజూ మధ్యాహ్నం ఫోను చేసేది.

"అమ్మా, ఎప్పుడొస్తావే?"

"వస్తానే తల్లీ. కాయితం రావాలి."

"ఎవరియ్యాలి కాయితం?"

"నానే ఇయ్యాలి."

"మరి ఇచ్చీ."

"నానియ్యకూడదు."

"కాళ్లు బాగా వాచాయే అమ్మా. పదిరోజులే అంటంది డాక్టరమ్మ," అంది గౌరి. వరహాలమ్మ ఫోను పెట్టేసి, డైరెక్టరుగారి తరఫున నాయుడికి ఒక మెయిలు రాసి, నాయుడి తరఫున విప్పింది. అక్షరాలు మసకగా కనబడి, కళ్లద్దాలు తీసి చీరచెంగుతో తుడుచుకుంది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడి తొమ్మిదో నిబంధన మనసులో మళ్లీ చదువుకుంది. తనకు ప్రయోజనం కలిగించు పత్రము. మరి కీడు కలిగించు పత్రము సంగతేమిటి? దాని గురించి నాయుడు ఏమీ రాయలేదు.

మర్నాడు పొద్దున్నే డైరెక్టరుగారి గదికెళ్లి, "సార్, నన్ను సస్పెండ్ చెయ్యండి," అంది.

భుజంగరావుగారు నిర్ఘాంతపోయారు. ఆవిడ నెమ్మదిగా విప్పి చెప్పింది. సెలవు మీద తను సంతకం పెట్టకూడదు, సస్పెన్షన్ మీద పెట్టొచ్చు. అది కీడే కదా. ఆయన రెండుసార్లు నిబంధన చదువుకుని, నాయుణ్ణి పిలిపించి చదివించి, చివరికి కుర్చీలో వెనక్కి వాలారు.

"అద్భుతం. కానీ అభియోగం కావాలి. మీ సర్వీసు రికార్డులో మచ్చ అన్నది లేదే. ఉన్నతాధికారిగా నాకిది కొంత నిరుత్సాహం కలిగించే విషయం."

ముగ్గురూ కూర్చుని వెతికారు. వరహాలమ్మ ఆలస్యంగా వచ్చిన రోజు లేదు, ఫైలు పోగొట్టింది లేదు, ఎవరినీ పరుషంగా అన్నది లేదు. మధ్యాహ్నమయ్యేసరికి నాయుడికి తట్టింది.

"సార్, పోపులపెట్టె. గృహోపయోగ వంటసామాను ముందస్తు అనుమతి లేకుండా కార్యాలయంలోకి తెచ్చారు గదండీ."

"షీల్డు వచ్చింది దాని మీదే కదయ్యా."

"షీల్డు సప్తకోష్ఠ పేటిక మీద వచ్చిందండి. తెచ్చింది మాత్రం పోపులపెట్టే."

అభియోగం దొరికింది. ఇంకొక్క చిక్కు మిగిలింది. సస్పెండైనవాళ్లు హెడ్‌క్వార్టర్స్ దాటి వెళ్లకూడదు. భుజంగరావుగారు దానికి తడుముకోలేదు. 'సస్పెన్షన్ కాలములో సదరు ఉద్యోగిని హెడ్‌క్వార్టర్స్ పార్వతీపురముగా నిర్ణయించడమైనది' అని తానే చెప్పి రాయించారు. చివర్న 'మీ నిరుపమాన సేవల పట్ల ప్రగాఢ గౌరవముతో' అని కలపమన్నారు. సస్పెన్షన్ ఆర్డరులో గౌరవం ఉండకూడదని నాయుడు అడ్డుపడ్డాడు గాని, ఆయన ఒప్పుకోలేదు.

వరహాలమ్మ కిందికొచ్చి, తన సస్పెన్షన్ ఉత్తర్వు తప్పుల్లేకుండా టైపు చేసింది. మధ్య గిన్నెలోంచి డైరెక్టరుగారిని తీసి సంతకం పెట్టింది. తెర మీద పచ్చటి టిక్కు పడింది. తాళం వేసి తనకి తాను పంపుకుంది. తన టోకెన్ గుచ్చి విప్పుకుంది. అచ్చు తీసి, 'గోప్యం' ముద్ర కొట్టి, అందినట్టు రిజిస్టరులో రాసుకుంది. ముప్ఫై ఏళ్లలో అంత సంతోషంగా ఏ కాగితమూ అందుకోలేదు. పెట్టె మూతపెట్టి, బీరువా తాళం వేసి, తాళంచెవి డైరెక్టరుగారి బల్ల మీద ఉంచింది.

"మరి పెట్టె ఎవరు తాకాలి సార్?" అన్నాడు నాయుడు, ఆవిడ గుమ్మం దాటాక.

"సెలవు విషయంలో బదులు మనిషికి నిబంధన ఉంది. సస్పెన్షన్ విషయంలో లేదు. లేని నిబంధన ప్రకారం నడవలేం కదా నాయుడూ."

పార్వతీపురంలో ఆస్పత్రి తలుపు వరహాలమ్మ తోసేసరికి, గౌరి అటువైపే చూస్తూ పడుకుని ఉంది. "వచ్చీసేవా," అంది, అంతే. వరహాలమ్మ సంచీ కింద పెట్టి, మంచం అంచున కూర్చుని, వాచిన కాళ్లు ఒళ్లోకి తీసుకుంది. ఇద్దరికీ కళ్లనీళ్లు తిరిగాయి. మూడోరోజున ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలకి కాస్త తక్కువ, నల్లటి ఒత్తు జుట్టు. నర్సు పిల్లని తెచ్చి ముందు వరహాలమ్మ చేతుల్లో పెట్టింది.

ఇక్కడ మండలికి మెయిళ్లు వస్తూనే ఉన్నాయి. అన్నీ పద్ధతిగా తాళం వేసి వస్తున్నాయి. విప్పేవాళ్లు లేరు, సంతకం పెట్టేవాళ్లు లేరు. బీరువా తాళంచెవి డైరెక్టరుగారి కళ్లెదురుగా బల్ల మీదే ఉంది, ఆయన దాన్ని చూస్తూ కూర్చుంటున్నారు. కూర్మయ్య మోకాళ్ల నొప్పులు తగ్గాయి. ఉప్పుమళ్లల్లో ఉప్పు మాత్రం ఎప్పటిలాగే పండింది, మండలి ఆగిపోయిన సంగతి దానికెవరూ చెప్పలేదు.

ఇరవయ్యో రోజున పైవాళ్లు విసిగి ఫోనే చేశారు. మర్నాడు పొద్దున భుజంగరావుగారూ, సన్యాసినాయుడూ పార్వతీపురంలో దిగారు. గౌరి ఇంట్లో ఆరోజు బారసాల. గుమ్మానికి మామిడాకులు కడుతున్నారు. వరహాలమ్మ పిల్లని ఒళ్లో వేసుకుని పీట మీద కూర్చుని ఉంది. చిన్న గుప్పిట ఆవిడ వేలిని పట్టుకుని వదలడం లేదు.

"మీ సస్పెన్షన్ రద్దు చేస్తున్నాం," అన్నారు భుజంగరావుగారు కాగితం తీసి. "ఇది మీకు ప్రయోజనకరం కనుక మీరు సంతకం పెట్టకూడదు. అందుచేత, పరిస్థితుల తీవ్రత దృష్ట్యా, నేను కలంతోనే పెట్టాను."

వరహాలమ్మ కాగితం అందుకుని సంతకం కేసి చూసింది. రెండేళ్లుగా కలంతో సంతకం పెట్టని చెయ్యి. పేరు సగంలో వణికి, చివరి మెలిక ఎక్కడ తిప్పాలో తెలియక ఆగిపోయింది.

"కలంతో పెట్టింది చెల్లదని ఉత్తర్వు ఉంది కదండీ సార్. దాని మీద మీ సంతకం పెట్టింది నేనే," అని వెనక్కిచ్చేసింది.

గౌరి కాఫీలు తెచ్చింది. సగం తాగాక భుజంగరావుగారు గ్లాసు కింద పెట్టారు. ఆయన మొహంలోకి నెమ్మదిగా వెలుగు వచ్చింది.

"వరహాలమ్మగారూ, ఒక్క ప్రశ్న. మీరు అబద్ధం చెప్పరని నాకు తెలుసు. ఈ పిల్లని వదిలి ఆఫీసుకి రావడం మీకు ప్రయోజనమా, కీడా?"

వరహాలమ్మ ఒళ్లోకి చూసుకుంది. పిల్ల నిద్రలో పెదవులు చప్పరిస్తోంది.

"కీడే సార్," అంది.

"నాయుడూ, రాసుకో. 'అనుమతి లేకుండా వంటసామాను తెచ్చిన నేరమునకు శిక్షగా, సదరు ఉద్యోగిని తక్షణం విధులలో చేరవలెను.' శిక్ష కనుక తొమ్మిదో నిబంధన అడ్డురాదు. రేపు వచ్చి మీరే సంతకం పెట్టేయవచ్చు." ఆయన గెలిచినవాడిలా కాఫీ అందుకున్నారు.

గౌరి గుమ్మంలో నిలబడిపోయింది. తల్లి మొహం కేసి చూసింది. ఆ చూపు వరహాలమ్మకి తెలుసు. పిల్ల గుప్పిట మరికాస్త బిగిసింది. ఆవిడ దుప్పటి సర్ది, తలెత్తి ఎంతో మర్యాదగా అడిగింది.

"శిక్ష వేసేముందు సంజాయిషీ అడగాలి కదండీ సార్?"

"అడగాలి. అది సహజన్యాయ సూత్రం."

"నోటీసు తాళం వేసిన మెయిల్లోనే రావాలి కదండీ. కాగితం మీద అడిగితే చెల్లదు."

"చెల్లదు," అన్నారు భుజంగరావుగారు, ఈసారి కాస్త నెమ్మదిగా.

"అయితే తాళం వేసి పంపండి సార్. నా టోకెన్ ఆఫీసు బీరువాలో, కరివేపాకు గిన్నెలో ఉంది. వచ్చిన రోజున విప్పుకుంటాను, విప్పుకున్న రోజున జవాబిస్తాను."

నోటీసు మీద డైరెక్టరుగారి సంతకం ఎవరు పెడతారో, దానికి తాళం ఎవరు వేస్తారో నాయుడికి ముందుగా అర్థమైంది. నోట్లో కాఫీ ఉండగా నవ్వొచ్చి పొలమారింది. "ఏటి చేద్దాం సార్?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"భోజనం చేసి వెళ్లండి," అంది వరహాలమ్మ. "పిల్లకి పేరు పెట్టే వేళైంది."

ఇద్దరూ భోజనం చేసి, పిల్లని దీవించి, మధ్యాహ్నం బస్సెక్కారు. పిల్లకి ఇప్పుడు నాలుగో నెల నడుస్తోంది, పిలిస్తే అమ్మమ్మ వైపు తిరిగి చూస్తోంది. నోటీసు ఇంకా రాలేదు.